మూతల దండ

మిషన్ మీద బట్టలు కుట్టే మిషనమ్మను పోయిన భాగంలో మనం గేటు దగ్గర వదిలేశాం. చేతిలో, సరిగ్గా వేరుచేయలేదని ఎర్ర స్టిక్కరంటించి తిప్పి పంపిన సంచి, మలుపు తిరిగిపోతున్న చెత్తబండి, వీధంతా చూస్తుండగా పోయిన పరువు.

ఆ వీధిలో ఎవరి సంచి వెనక్కి వచ్చినా రావచ్చుగానీ, మిషనమ్మ సంచి రావడమేమిటి! సీసాను కడిగి, బోర్లించి ఆరబెట్టి, నలిపి, మూత బిగించి మరీ వేసే మనిషి. పాల ప్యాకెట్లను జేబురుమాళ్ళలా మడతపెట్టే మనిషి. వీధిలోకి కొత్తగా ఎవరు దిగినా, సామాను లారీలోంచి దించుకోకముందే ఎదురువెళ్ళి, తడిది ఆకుపచ్చ డబ్బాలో, పొడిది పల్చటి తెల్ల సంచిలో, సంచి మీద ఇంటి నంబరు అని పాఠం చెప్పి వచ్చే మనిషి.

"మీ ఇంటి సంచే ఇలా ఉంటే ఇంక మిగతావాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పను మిషనమ్మా," అంది బండి ఆమె నవ్వుతూ. కోపంగా అన్నా ఇంత గుచ్చుకునేది కాదు.

సంచి మీద నంబరు తమదే. లోపలి సరుకు మాత్రం ఆమె వేసింది కాదు. తను కట్టి పెట్టిన సంచి చక్కగా బండెక్కి వెళ్ళిపోయింది. దాని పక్కన ఎవరో తెల్లారుజామున తెచ్చిపెట్టిన రెండో సంచి ఇది. ఎవరో ఏమిటి, ఇంట్లో ఉండేది ఇద్దరే. తనూ, కోడలూ. కొడుకు లారీ తీసుకుని వెళ్ళాడంటే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆ లారీకే తెలియాలి. ఇంట్లో ఉన్నప్పుడైనా వాడికి చెత్త సంచి ఎటువైపు పట్టుకోవాలో తెలియదు.

కొన్నాళ్ళుగా మిషనమ్మ మనసులో ఏదో ముల్లులా కదులుతూనే ఉంది. పై గదిలో అద్దెకున్న ట్యూషన్ మాస్టారు ఖాళీ చేసి వెళ్ళాక ఆ గది తాళంచెవి కోడలి దగ్గరే ఉండిపోయింది. అడిగితే, "సున్నం వేయించాలి అత్తయ్యా, నేను చూసుకుంటాను," అంది. సున్నం వేసేవాళ్ళు రాలేదు. అడుగుల చప్పుడు మాత్రం వస్తోంది. "పిల్లి అత్తయ్యా," అంది కోడలు. పిల్లి చెప్పులు వేసుకుని తిరుగుతుందా అని అడగబోయి ఊరుకుంది మిషనమ్మ.

ఈ కథ మొదటినుంచీ చదువుతున్నవాళ్ళకు గుండీ ఎవరో చెప్పక్కర్లేదు. ఇవాళే చేతికి తీసుకున్నవాళ్ళకు నాలుగు మాటలు. గుండీ అంటే మిషనమ్మ చెల్లెలు. గుండ్రటి మొహమని చిన్నప్పుడు పెట్టిన ముద్దుపేరు, అదే నిలిచిపోయింది. అక్క మిషన్ తొక్కుతుంటే పక్కన పీట వేసుకుని గుండీలు కుట్టేది. ఒక ఉదయం, "చెత్త పెట్టి వస్తానక్కా," అని సంచి పట్టుకుని గేటు దాటింది. సంచి గేటు పక్కనే ఉంది. మనిషి లేదు. అదే వారంలో ఎదురింటావిడ తమ్ముడు, గడియారాలు బాగుచేసేవాడు, కొట్టుకు తాళం వేసుకుని ఎటో వెళ్ళిపోయాడు. వీధి నోరు ఆ ఇద్దరినీ కలిపేసింది. నిజమెంతో ఎవరికీ తెలియదు.

అప్పటినుంచి ఎవరు గడప దాటుతున్నా 'వస్తాను' అన్నారా లేదా అని చెవి ఒగ్గడం మిషనమ్మకు అలవాటైపోయింది. అన్నా నమ్మకపోవడం అంతకంటే అలవాటైపోయింది.

ఇక సంచి సంగతి.

గేటు తోసుకుని ఆమె లోపలికి తిరగబోతుంటే ఎదురింటి తలుపు చప్పుడైంది. ఆ ఇంటావిడకు వీధిలోవాళ్ళు పెట్టిన పేరు సీసీ కెమెరా. ఆవిడ వీధివైపు కిటికీకి తెర అనేది ఎవరూ ఎన్నడూ చూడలేదు. ఎండ కొట్టినా, వాన కొట్టినా ఆ కిటికీ బార్లా తెరిచే ఉంటుంది. ఇక ఆవిడ గొంతంటారా, ఇంట్లో మొగుణ్ణి పిలిస్తే వీధి చివర మెకానిక్ షెడ్డులో పలికేవాళ్ళు.

"ఏంటొదినా! మీ సంచికే ఎర్ర స్టిక్కరా?"

"అంటించారు. మీకు ఇవాళ కాలక్షేపానికి లోటు లేదు."

"అయ్యో, నేనేమన్నానని! ఇలా ఇవ్వండి. నేను వేరుచేసి మా సంచిలో కలిపేస్తాను."

"మా చెత్త మీకెందుకు?"

"మోకాళ్ళ నొప్పితో కింద కూర్చుని ఏం ఏరతారని." అంటూనే ఆవిడ సంచి చెవి పట్టుకుంది.

మిషనమ్మ రెండో చెవి వదల్లేదు. ఇద్దరు పెద్దవాళ్ళు నడివీధిలో ఒక చెత్త సంచిని అటూ ఇటూ లాగుతుంటే, పక్కింటి కుక్క మొరగాలో వద్దో తెలియక నిలబడిపోయింది.

లాగుతున్నప్పుడే మిషనమ్మ గమనించింది. ఆవిడ చూపు తన మొహం మీద లేదు. సంచిలోకి ఉంది. లోపలిది బయటికి కనబడాలనే తెల్ల సంచి రూలు పెట్టారు. బండివాళ్ళ కోసం పెట్టిన రూలు ఎదురింటివాళ్ళకే ఎక్కువ పనికొస్తోంది.

"మీ పై గదిలోకి ఎవరైనా దిగారా వదినా?" ఆవిడ చెయ్యి వదిలేసి, చాలా మామూలుగా అడిగింది.

"ఎవరూ దిగలేదే."

"అలాగా? కిటికీలో తువ్వాలు ఆరేసినట్టు కనబడితేనూ..."

"మా కోడలు ఆరేసుంటుంది."

"కోడలే అయ్యుంటుందిలెండి," అని ఆవిడ వెళ్ళిపోయింది. అంత సులువుగా వెళ్ళే మనిషి కాదు. అదే మిషనమ్మకు నచ్చలేదు.

వరండాలో పాత దుప్పటి పరిచి, పీట వేసుకుని కూర్చుంది. స్టిక్కరు మీద తప్పేమిటో రాయరు. వెతుక్కుని దిద్దుకోవడం ఇంటివాళ్ళ పని. సంచి మూతి విప్పింది.

ముందు చేతికి తగిలింది షాంపూ సీసా. సగానికి సగం ఉంది. తర్వాత తలనూనె, అదీ సగమే. సగం వాడిన సబ్బు. పిండితే ఇంకో నెల వచ్చే టూత్‌పేస్టు.



ఇంట్లో ఉండేవాళ్ళు ఇలా పారేయరు. సీసాలో నీళ్ళు పోసి కలిపి ఆఖరి బొట్టు దాకా వాడతారు. ట్యూబును కత్తెరతో కోసి మరీ గీక్కుంటారు. సగంలో వదిలేసేది ఎవరు? వెళ్ళిపోయేవాళ్ళు. మోసుకెళ్ళడం దేనికి, అక్కడ కొత్తది కొనుక్కుందాం అనుకునేవాళ్ళు. గుండీ వెళ్ళిన మర్నాడు గూట్లో కనబడ్డ పౌడరు డబ్బా ఆమెకు గుర్తొచ్చింది. సగం ఉంది అందులో. ఆ సగం చాలాకాలం అలాగే ఉండిపోయింది. తుదకు గడ్డకట్టి రాయిలా తయారైంది.

సంచి అడుగుదాకా వెళ్ళకముందే ఇంకోటి కనబడింది. నాలుగు మడతలు పెట్టిన అట్టపెట్టె. విప్పి చూసింది. మీద బొమ్మ ఉంది. మడత మంచం. ఒక్క మనిషి పడుకునేది.

ఒక్కరికి!

 చిన్న చిన్నవన్నీ మిషనమ్మకు వరసగా గుర్తుకు రాసాగాయి. కోడలు ఈమధ్య ఫోను మోగగానే పెరట్లోకి వెళ్ళడం. తను పనిచేసే పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి వేళకు కాకుండా ఆలస్యంగా రావడం. వంటలో గుప్పెడు ఎక్కువ పడటం, మిగిలింది మాత్రం కనబడకపోవడం. ఇవన్నీ ఇన్నాళ్ళూ విడివిడిగా ఉన్నాయి. ఇప్పుడు ఆ మడత మంచం బొమ్మ చుట్టూ చేరి కూర్చున్నాయి. ఎక్కడో ఒక గది చూసుకుంది. మంచం కొనుక్కుంది. సగం సీసాలు పారేసింది. ఇంకేం మిగిలింది? గేటు దాటడం మిగిలింది.

మధ్యాహ్నం భోజనానికి కోడలు ఇంటికొచ్చేసరికి అత్తగారు వరండాలోనే ఉంది. దుప్పటి మీద సగం సీసాలు బారులు తీరి ఉన్నాయి. వాటి వెనక మంచం బొమ్మ నిలబెట్టి ఉంది, సాక్షిని నిలబెట్టినట్టు.

కోడలు చెప్పులు విప్పుతూ ఒక కాలి మీదే ఆగిపోయింది.

"ఇదేంటి అత్తయ్యా?"

"నేనడగాల్సిన మాట నువ్వడుగుతున్నావు. సంచి వెనక్కొచ్చింది."

"వెనక్కా? ఎందుకూ?" ఆ గొంతులో కంగారు సంచి వెనక్కొచ్చిన సిగ్గు కాదు. ఇంకేదో.

"అది తర్వాత చూద్దాం. ఈ సంచి నువ్వేనా పెట్టింది?"

"అవును. పొద్దున్న చీకటితో లేచాను కదా, పెట్టేశాను."

"ఉన్న సంచిలో కలపకుండా వేరే సంచెందుకు?"

"మీరు కట్టేశారు. మీ ముడి నేను విప్పితే మీకు నచ్చదు."

"నా ముడి మీద ఇంత గౌరవం ఎప్పటినుంచమ్మా?"

కోడలు పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుందో, మాట ఆపుకుందో తెలియలేదు. లోపలికి వెళ్ళబోయింది.

"నిలబడు. ఈ షాంపూ ఎవరిది?"

"మాస్టారిది. పై గది స్నానాల గదిలో వదిలేసి వెళ్ళాడు. నిన్న శుభ్రం చేస్తూ తీసేశాను. ఆ నూనె, పేస్టు అన్నీ ఆయనవే. వాసన చూడండి, మనం వాడేదా అది?"

మిషనమ్మ మూత తీసి వాసన చూసింది. నిజమే. సెలూను వాసన. ఒక మెట్టు దిగింది ఆమె అనుమానం. ఒక్క మెట్టే.

"సరే. ఈ మంచం?"

కోడలు వంగి చెప్పులు గోడవారకు సర్దసాగింది.

"మంచం కూడా మాస్టారే వదిలేసి వెళ్ళాడా? అట్టపెట్టె ఇంకా గమ్ము వాసన వేస్తోంది!"

"గది అద్దెకిద్దామని..."

"అద్దెకిచ్చేవాళ్ళు మంచం వేసి, దుప్పటి పరిచి, జోకొడతారా? ఇన్నేళ్ళలో ఆ గదికి బల్బు మార్చమంటేనే మాస్టారిని నెల రోజులు తిప్పాం."

"అత్తయ్యా, మీరు నా చెత్త వెతుకుతున్నారా ఇప్పుడు?" కోడలికి కోపం వచ్చింది, లేక తెచ్చుకుంది. "నేను వాడిందేంటి, పారేసిందేంటి అని లెక్క చూస్తారా?"

"నీ చెత్త, నా చెత్త అని రెండు ఎప్పుడయ్యాయే ఈ ఇంట్లో? సంచి మీద ఒక నంబరే ఉంది."

 లేద్దామని మిషనమ్మ పీట మీద చెయ్యి ఆనించి, లేవలేక అలాగే కూర్చుంది.

"ఇదిగో చూడు. నేను నిన్ను పట్టుకుని ఆపే మనిషిని కాదు. వాడు లారీ పట్టుకుని తిరుగుతుంటే నువ్వీ ముసలిదాన్ని కనిపెట్టుకుని ఉండాలని ఎక్కడా రాసి లేదు. వెళ్ళాలనుంటే వెళ్ళు. చెప్పి వెళ్ళు. పొద్దున్నే లేచి చూస్తే సంచి ఉండి మనిషి లేకపోవడం మాత్రం... అది నేనింకోసారి చూడలేను."

కోడలు చేతిసంచి కింద పడేసి వచ్చి దుప్పటి మీద ఎదురుగా కూలబడింది.

"అయ్యో అత్తయ్యా! నేను వెళ్ళిపోతున్నాననుకున్నారా? ఆ మంచం చూసి?"

"ఒక్కరు పడుకునే మంచమే అది!"

"నేనెక్కడికీ వెళ్ళట్లేదు. ఆయనతో దెబ్బలాడితే ఆయన్ని పంపిస్తాను, నేనెందుకెళ్తాను?"

మిషనమ్మకు నవ్వొచ్చింది. కళ్ళు తుడుచుకుని కోడలి మొహంలోకి చూసింది. అబద్ధం లేదక్కడ. కానీ నిజం కూడా పూర్తిగా లేదు. బట్ట వెనకవైపు తిప్పి చూస్తే తెలిసిపోతుంది ఆమెకు, పైకి ఎంత శుభ్రంగా ఉన్నా లోపల కుట్టు ఎక్కడ దాటేశారో. ఈ పిల్ల కూడా ఎక్కడో దాటేసింది.

"మరి మంచం ఎవరికి?"

"అది... మీరు ముందు భోజనానికి లేవండి. ఇదంతా నేను సర్దేస్తాను." కోడలు గబగబా సీసాలు సంచిలోకి తోయబోయింది. ఆ తొందర చూస్తే మళ్ళీ అనుమానం తల ఎత్తింది.

"ఉండు, ఉండు. తప్పేంటో చూడకుండా మళ్ళీ అందులోనే తోస్తే మళ్ళీ స్టిక్కరే. ఏదీ, అడుగున ఉన్నవి తియ్యి."

అడుగున నీళ్ళ సీసాలున్నాయి. కడిగినవే. నలిపినవే. మిషనమ్మ ఒకటి పైకెత్తింది. ఇంకోటి ఎత్తింది. అన్నీ ఎత్తి చూసింది.

"మూతలేవే?"

"ఆఁ?"

"ఒక్క సీసాకీ మూత లేదు. అందుకే తిప్పి పంపారు. మూత బిగించి వెయ్యాలని నీకు తెలుసు కదా?"

"తెలుసు. నేనెప్పుడూ బిగించే వేస్తాను..." అని కోడలు నాలుక కరుచుకుంది.

ఆలస్యమైపోయింది. మిషనమ్మ చెయ్యి సంచి అడుగుకు వెళ్ళి, ఏదో పట్టుకుని పైకి లాగింది. గలగలమంటూ వచ్చింది.

మూతల దండ.

నీలం మూతలు, తెల్ల మూతలు, ఒక ఎర్రది. నడిమధ్యన కాల్చిన సూదితో పొడిచిన చిల్లి. నల్ల దారానికి గుచ్చి, చిన్నవన్నీ ఒక చివర, పెద్దవన్నీ ఒక చివర. మేకుకు తగిలించడానికి వీలుగా పైన దారం పొడుగ్గా వదిలి, కొసన ఉచ్చు.



సీసాలకు మూతలు తీసి విడిగా ఇవ్వాలనేది పాత రూలు. విడిగా ఇస్తే అవి దొర్లిపోయి కాలవలో పడేవి. బండివాళ్ళు తిట్టేవాళ్ళు. అప్పుడు గుండీ ఒక ఉపాయం చేసింది. కొట్లో గుండీలను సైజుల వారీగా దారానికి గుచ్చి మేకుకు తగిలించినట్టే, మూతలనూ గుచ్చి గేటు కొక్కేనికి తగిలించేది. వీధిలోవాళ్ళు నవ్వుకునేవాళ్ళు, "గుండీ దండ వేలాడిందంటే ఇవాళ బండి రోజన్నమాట," అని. తర్వాత రూలు మారింది. మూత సీసాకే ఉండాలన్నారు. వీధి మొత్తానికి ఆ కొత్త రూలు నోరు నొప్పెట్టేలా చెప్పింది మిషనమ్మే. కానీ అది మారేనాటికి గుండీ లేదు.

ఈ కోడలు కాపురానికి వచ్చేనాటికే కొత్త రూలు. మాస్టారు దిగిందీ తర్వాతే. ఈ ఇంట్లో ఇప్పుడు మూత తీసి దారానికి గుచ్చే మనిషి లేదు. రూలు మారిందని ఎవరూ చెప్పని మనిషైతే తప్ప.

"పైన ఎవరున్నారు?" దండ చేతిలోనే పట్టుకుని అడిగింది మిషనమ్మ.

"అత్తయ్యా..."

"పిల్లి అనకు."

"నేను మాటిచ్చాను అత్తయ్యా. మా డాక్టరు దగ్గరికి పన్ను నొప్పని వచ్చింది. ఊరికే పన్ను నొప్పి కాదు, దవడ కమిలి ఉంది. ఇంటి పేరు చెప్పమంటే తడబడింది. నేను ఫలానా వీధిలో ఉంటానని మాటల్లో అంటే, 'అక్కడ మిషనమ్మ అని ఒకావిడ ఉండేది, బాగుందా?' అని అడిగి ఏడ్చేసింది. మీకు చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. మీరు చూస్తే ఇక దాగలేనంది. ఖాళీగా ఉండలేక ఆ సీసాలు తనే కడిగింది. ఇలా చేస్తుందని నాకేం తెలుసు..."

మిషనమ్మ అప్పటికే లేచింది. ఎలా లేచిందో ఆమె మోకాళ్ళకూ తెలియదు.

కోడలు మెట్లకు అడ్డం నిలబడింది. "వద్దత్తయ్యా, సాయంత్రం దాకా ఆగండి. నేను ముందు చెప్పి ఒప్పిస్తాను."

"ఒప్పించడానికి బయటిదాన్నా నేను? జరుగు."

మెట్లు ఎక్కడానికి ఆమెకు రెండు చేతులూ కావాలి. ఒకటి కమ్మీకి, ఒకటి మోకాలికి. చేతిలో దండను వరండా పిట్టగోడ మీద పెట్టి, ఎక్కడం మొదలుపెట్టింది. ఇక ఆపి లాభం లేదని కోడలు వెనకాలే వచ్చింది, పడితే పట్టుకోవడానికి.

ఎక్కుతుంటే కోపమే ముందు వచ్చింది. నెత్తి మీద అడుగులు వేస్తూ, తన వంటింట్లో వండింది తింటూ, తనకే తెలియకుండా! తర్వాత భయం వచ్చింది. తలుపు తీసేసరికి అక్కడ ఎవరూ లేకపోతే? అదీ అలవాటే కదా ఆ మనిషికి.

తలుపు ముందు నిలబడింది. కొట్టలేదు. అరచెయ్యి మాత్రం ఆనించింది. లోపల మంచం కిర్రుమని ఆగింది. ఎవరో కదలకుండా ఉండటానికి ప్రయత్నిస్తున్న నిశ్శబ్దం అది.

 ఇన్నాళ్ళూ మనసులో అనుకున్నవన్నీ, తిట్లూ శాపనార్థాలూ, ఒక్కటీ నోటికి రాలేదు.

"మూతలు తియ్యకూడదే ఇప్పుడు," అంది తలుపుతో. "రూలు మారింది. సీసా నలిపి, మూత బిగించే వెయ్యాలి."

 లోపలినుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"చెత్త పెట్టి వచ్చేశానక్కా," అంది లోపలి గొంతు. "కాస్త ఆలస్యమైంది."

"కాస్తా?" అంది మిషనమ్మ.

గడియ తీసిన చప్పుడైంది. తలుపు జానెడు తెరుచుకుంది. ఆ సందులోంచి కనబడ్డ మొహంలో గుండ్రదనం ఎక్కడా లేదు. చెంపలు పీక్కుపోయాయి, దవడ మీద మచ్చ పసుపుపచ్చగా ఆరుతోంది. కళ్ళు మాత్రం అవే. మిషనమ్మ చెయ్యి చాపింది. ఆ చెయ్యి అందుకోకముందే గుండీ చూపు ఆమె భుజం మీదుగా వీధివైపు వెళ్ళిపోయింది.

"అక్కా, ఎదురింటి కిటికీలో ఎవరైనా ఉన్నారా?"

"ఇన్నేళ్ళకు వచ్చి, అక్కా ఎలా ఉన్నావని అడగవా? ఎదురింటి కిటికీ అడుగుతావా?"

"ఆవిడ చూసిందా నన్ను? ఏమైనా అడిగిందా? చెప్పక్కా!"

"పై గదిలోకి ఎవరైనా దిగారా అని అడిగింది. లేదన్నాను. ఎందుకే?"

గుండీ తలుపు అంచు గట్టిగా పట్టుకుంది.  "ఈ దెబ్బ ఆవిడ తమ్ముడిది. వాడికి చెప్పకుండా వచ్చేశాను. నన్ను వెతుకుతున్నాడు. నేనిక్కడ ఉన్నానని ఆవిడకు తెలిసిందంటే వాడికి తెలిసినట్టే. అప్పుడు నేను ఇవాళే వెళ్ళిపోవాలి అక్కా. మీ అందరి మీదికి వస్తాడు."

వెళ్ళిపోవాలి. మళ్ళీ ఆ మాటే.

"ఎవరూ ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఆవిడకేం తెలుసు? కిటికీలో ఒక తువ్వాలు చూసింది, అంతే," అంటూనే మిషనమ్మకు పొద్దున్న సంచి చెవి పట్టుకున్న ఆ చెయ్యి గుర్తొచ్చింది. మొహం మీద కాక సంచి అడుగునే ఉండిపోయిన ఆ చూపు గుర్తొచ్చింది. సంచి తెల్లది. నీలం మూతలు, తెల్ల మూతలు, ఒక ఎర్రది. గుండీ దండ గేటుకు వేలాడిన రోజుల్లో దాన్ని అందరికంటే దగ్గరగా, రోజూ ఎదురుగా చూసింది ఎవరు?

ఆమె మెట్ల మలుపు దాకా వచ్చి, కమ్మీ మీదికి వంగి కిందికి చూసింది.

వరండాలో దుప్పటి పరిచినట్టే ఉంది. సగం సీసాలు బారులు తీరినట్టే ఉన్నాయి. మంచం బొమ్మ నిలబెట్టినట్టే ఉంది. కోడలు వచ్చి మూసిన గేటు మాత్రం కాస్త తెరిచి ఉంది.

పిట్టగోడ మీద దండ లేదు.

"ఏమైందక్కా?" పైనుంచి గుండీ అడిగింది.

"ఏం లేదు. లోపలికి వెళ్ళి గడియ పెట్టుకో," అంది మిషనమ్మ. కోడలి చెయ్యి వెతికి పట్టుకుని, మాట్లాడకుండా ఎదురింటివైపు చూపించింది.

ఎండ కొట్టినా వాన కొట్టినా బార్లా తెరిచి ఉండే ఆ కిటికీకి తెర వేసి ఉంది. వీధి చివర దాకా వినబడే ఆ గొంతు తెర వెనక ఎవరితోనో ఫోనులో గుసగుసలాడుతోంది.